ఫొటో బూత్‌లో తొమ్మిది గళ్ళు: ఒక డ్రాయింగ్ మాస్టారి పాఠం

ఐప్యాడ్ ఉన్న ఇళ్ళలో ఫొటో బూత్ అనే యాప్‌ను పెద్దవాళ్ళు తెరవరు. పిల్లలు ఒకరోజు తెరిచి, మొహాలు సాగదీసుకుని, కడుపుబ్బ నవ్వుకుని వదిలేస్తారు. నాకు ఆ యాప్ అంటే ఎంతో ఇష్టం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 31 ఏళ్ళు డ్రాయింగ్ చెప్పి రిటైరై, ఇప్పుడు పిఠాపురంలో ఉంటున్నాను. మా అమ్మాయి కొత్తది కొనుక్కుని తన పాత ఐప్యాడ్‌ను నాకు ఇచ్చినప్పటి నుంచి, వేసవి సెలవుల్లో మా మనవరాలితో పాటు వీధిలోని పిల్లలు ఏడెనిమిది మంది మా అరుగు మీద చేరుతున్నారు. వాళ్ళకు నేర్పుతూ నేను తెలుసుకున్న సంగతులే ఇవి.

2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌కు అసలు కెమెరానే లేదు. 2011 మార్చిలో వచ్చిన ఐప్యాడ్ 2లో ముందొకటి, వెనకొకటి కెమెరాలు పెట్టారు. అప్పుడే ఫొటో బూత్ కూడా దానిలోకి వచ్చింది. అంతకుముందు 2005 నుంచే అది మాక్ కంప్యూటర్లలో ఉండేది. కాబట్టి మీ ఇంట్లోది ఎంత పాత ఐప్యాడ్ అయినా, దానికి కెమెరా ఉంటే ఈ పాఠం పనికొస్తుంది. ఇతర కంపెనీల ట్యాబ్‌లు ఉన్నవారికి ఏం చేయవచ్చో చివరిలో చెబుతాను.

యాప్ తెరవగానే తెర మీద తొమ్మిది గళ్ళు కనిపిస్తాయి. మధ్య గడిలో మామూలు బొమ్మ, చుట్టూ ఉన్న ఎనిమిదిలో ఎనిమిది ఎఫెక్టులు: థర్మల్ కెమెరా, మిర్రర్, ఎక్స్-రే, కెలిడోస్కోప్, లైట్ టనెల్, స్క్వీజ్, ట్వర్ల్, స్ట్రెచ్. ఒక గడిని తాకితే ఆ ఎఫెక్టు తెర నిండా వస్తుంది. మొదట ముందు కెమెరా పనిచేస్తూ మన మొహమే కనిపించవచ్చు. రెండు బాణాల గుర్తు తాకి వెనక కెమెరాకు మారండి. మొహం పక్కకు తప్పుకున్నాకే అసలు పని మొదలవుతుంది.

తీసేసిన ఫొటోకు తర్వాత రంగులు అద్దడం వేరు. ఇక్కడ ఎఫెక్టు మనం చూస్తుండగానే పనిచేస్తుంది. చెయ్యి అంగుళం కదిలితే బొమ్మ మొత్తం మారిపోతుంది. అందుకే మా అరుగు మీద ఒక నియమం పెట్టాను. ఎఫెక్టు ఎంచుకున్నాక 2 నిమిషాల దాకా ఎవరూ బటన్ నొక్కకూడదు. ట్యాబ్‌ను నెమ్మదిగా పక్కకు జరుపుతూ, దగ్గరికి తెస్తూ, వంచుతూ తెరను చూస్తూ ఉండాలి. మొదటి అర నిమిషం పిల్లలు విసుక్కుంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు "మాస్టారూ, ఇటు చూడండి" అని కేక వేస్తారు. ఆ కేక వినపడ్డాకే ఫొటో.

మొదలుపెట్టే ముందు మూడు జాగ్రత్తలు చెప్పాలి. ట్యాబ్ బరువు దాదాపు అర కిలో ఉంటుంది. చేతులు చాచి పట్టుకుంటే వణుకుతుంది కనుక మోచేతులు పక్కటెముకలకు ఆనించి రెండు చేతులతో పట్టుకోవాలి. కెమెరా కన్ను ఒక మూలన ఉంటుంది కాబట్టి వేలు తెలియకుండా దాని మీదికి పోతుంది. పాత పంచె గుడ్డతో ఆ కన్నును తుడవండి. నూనె చేతుల మరక ఉంటే ఏ ఎఫెక్టు అయినా మసకబారుతుంది. మూడోది ముఖ్యమైనది. ఎఫెక్టుతో తీసిన ఫొటోలో ఆ ఎఫెక్టు శాశ్వతంగా కలిసిపోతుంది, తర్వాత విడదీయలేం. నచ్చిన దృశ్యాన్ని మధ్య గడితో మామూలుగా కూడా ఒకటి తీసి ఉంచుకోండి.

థర్మల్ కెమెరాతో మొదలుపెడదాం, ఎందుకంటే దాని పేరు పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది. పొగలు కక్కే టీ గ్లాసును, కుండలోని చల్లటి నీళ్ళ గ్లాసును పక్కపక్కన పెట్టి చూడమంటాను. రెండూ ఒకే రకమైన స్టీలు గ్లాసులైతే తెర మీద రెండింటి రంగూ ఒకటే. ఈ ఎఫెక్టుకు వేడి తెలియదు. వెలుగు ఎక్కువున్న చోట ఒక రంగు, తక్కువున్న చోట మరో రంగు పులుముతుంది, అంతే. వేడి నుంచి వచ్చే కంటికి కనపడని కిరణాలను విలియం హెర్షెల్ 1800లో పట్టకం, థర్మామీటర్లతో పసిగట్టాడు. వాటిని చూడగల నిజమైన థర్మల్ కెమెరాలో వేరే రకం సెన్సర్ ఉంటుంది.

మరి దీని ఉపయోగం ఏమిటి? బొమ్మలు గీసేవారికి ఇది గొప్ప గురువు. నీడలు వేయడం నేర్పేటప్పుడు "కళ్ళు చికిలించి చూడండి, ఎక్కడ ముదురుగా ఉందో తెలుస్తుంది" అని ఏళ్ళ తరబడి చెప్పాను. చాలామందికి అది పట్టుబడదు. కిటికీ పక్కన ఒక కుండ పెట్టి థర్మల్ కెమెరాలో చూస్తే, వెలుగు నుంచి నీడలోకి ఎన్ని మెట్లున్నాయో రంగుల పట్టీలుగా విడిపోయి కనిపిస్తుంది. కుండ అడుగున నేల నుంచి తిరిగి వచ్చే పలుచని వెలుగు కూడా వేరే పట్టీగా తేలుతుంది. ఆ ఫొటో పక్కన పెట్టుకుని పెన్సిలుతో కుండ గీయమనండి, తేడా మీకే తెలుస్తుంది.

మిర్రర్ ఎఫెక్టు తెరలో సగాన్ని రెండో సగంలో అద్దంలా చూపిస్తుంది. ఏ సగం అసలు, ఏ సగం నకలు అన్నది తెలుసుకోవాలంటే ఒక పక్క నుంచి చెయ్యి తెచ్చి చూడండి. చెయ్యి కనపడకపోతే అది నకలు వైపు. ఇక మధ్య గీతను ఎక్కడ పెడతామన్నదే కళ. మా చిన్నప్పుడు కాగితం మడిచి మధ్యలో సిరా చుక్క వేసి, నొక్కి విప్పితే సీతాకోకచిలుక వచ్చేది. ఇదీ అలాంటిదే. వేపకొమ్మను మధ్య గీతకు కాస్త ఆనించి చూడండి, కొమ్ముల దుప్పి తల వస్తుంది. రాట్నంలా తిరిగిన పాత చెట్టు వేరు ఒకటి మాకు రెండు రెక్కల గరుడపక్షిలా కనిపించింది. వస్తువును పూర్తిగా ఒక పక్కన పెడితే రెండు వస్తువులు కనిపించి ఊరుకుంటాయి. గీత దాన్ని కోసినప్పుడే కొత్త ఆకారం పుడుతుంది.

ఇప్పుడు కెలిడోస్కోప్. మూడు అద్దపు పట్టీలు, నాలుగు గాజు ముక్కలు, ఒక అట్ట గొట్టంతో బడిలో పిల్లలందరూ చేసేదే. డేవిడ్ బ్రూస్టర్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త 1816లో కనిపెట్టి, మరుసటి ఏడాది పేటెంట్ తీసుకున్నాడు. ఐప్యాడ్‌లో అద్దాల పనిని లెక్కలు చేస్తాయి. తెర నిండా త్రికోణాలు పరుచుకుంటాయి, ఒక కొన చుట్టూ లెక్కపెడితే ఆరు త్రికోణాలు ఉంటాయి. 60 డిగ్రీల కోణంలో రెండు అద్దాలు పెడితే మధ్యనున్న వస్తువుకు ఐదు ప్రతిబింబాలు వస్తాయని భౌతికశాస్త్రం మాస్టారు చెప్పిన లెక్క ఇదే. వస్తువు ఒకటి, ప్రతిబింబాలు ఐదు, మొత్తం ఆరు.

దీన్ని చేత్తో పట్టుకుని తీస్తే మంచి ఫొటో రాదు. నేను చేసే పద్ధతి ఇది. రెండు పక్కలా జానెడు ఎత్తున పుస్తకాలు పేర్చి, ట్యాబ్‌ను వాటి మీద వంతెనలా పడుకోబెడతాను. కెమెరా కన్నున్న మూల మధ్య ఖాళీలోకి చూస్తూ ఉండాలి. దాని కింద ఒక పళ్ళెం. స్టీలు పళ్ళెం మెరిసి బొమ్మను చెడగొడుతుంది కనుక దాని మీద నల్లగుడ్డ పరుస్తాను. గుడ్డ మీద బంతిరేకులు, పెసలు, విరిగిన గాజులు, మందార ఏదైనా చల్లండి. బెత్తెడు కన్నా దగ్గరైతే కెమెరా మసకబారుతుంది కాబట్టి ఆ జానెడు దూరం ఉంచండి. వెలుగు పక్క కిటికీ నుంచి రావాలి. ట్యాబ్ నీడ పళ్ళెం మీద పడితే పళ్ళేన్నే కిటికీ వైపు జరపండి. ఇక ఒకరు పళ్ళేన్ని కుమ్మరి సారెలా నెమ్మదిగా తిప్పుతూ ఉంటే, మరొకరు తెరను చూస్తూ ఆగమన్నప్పుడు ఆపాలి. తెర మీద వేలుతో జరిపితే త్రికోణాల స్థానం మారుతుంది, అదీ ప్రయత్నించండి.

రంగులు మూడు దాటనివ్వకండి. మొదట్లో పిల్లలు దొరికినవన్నీ పళ్ళెంలో పోస్తారు, తెర మీద కలగాపులగం అవుతుంది. పసుపు బంతిరేకులు, నాలుగు ఆకుపచ్చ ఆకులు, నల్లటి ఖాళీ చాలు. ఆ ఖాళీయే గీతలను నిలబెడుతుంది. ఇదే ఎఫెక్టును ఒకసారి మా ఆవిడ ఉప్పాడ చీర మీద పెట్టాం. జాందానీ నేతలో బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి చీరను ఎటు తిప్పి పరిచినా ఫరవాలేదు. బుటా మధ్యకు త్రికోణం కొన తెచ్చినప్పుడు ఒక పువ్వు, రెండు బుటాల నడుమ ఖాళీకి తెచ్చినప్పుడు ఒక నక్షత్రం వచ్చాయి. ఒకే చీరలో ఆ పూట 14 నమూనాలు దొరికాయి.

ఆ ఫొటోలు చూసి మా ఆవిడ ఒక మాట అంది. "ఇవి సందు చుక్క ముగ్గులే కదా!" 31 ఏళ్ళు డ్రాయింగ్ చెప్పిన నాకు అది తట్టలేదు. 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క అంటాం కదా. మధ్య వరుసలో 15 పెట్టి, పైకీ కిందకీ సందుల్లో 14, 13 అలా తగ్గిస్తూ 8 దగ్గర ఆపితే చుక్కలన్నీ కలిసి షడ్భుజి అవుతాయి. భుజానికి 8, మొత్తం 169 చుక్కలు. పక్కపక్కనున్న రెండు చుక్కలను, వాటి సందులోని చుక్కను కలిపితే సమబాహు త్రికోణం, మధ్య చుక్క చుట్టూ అలాంటివి సరిగ్గా ఆరు. బ్రూస్టర్ గొట్టంలో ఉన్న లెక్క మన వాకిట్లో పిండితో రోజూ పడుతూనే ఉంది. అప్పటి నుంచి మా అరుగు మీద కెలిడోస్కోప్ ఫొటో తీసిన ప్రతి పిల్లా, పిల్లాడూ దానిలోంచి ఒక ముగ్గు తీసి చుక్కల కాగితం మీద గీయాలి. మగపిల్లలు కూడా చక్కగా వేస్తున్నారు.

లైట్ టనెల్ మధ్యలో ఒక గుండ్రటి కిటికీలా బొమ్మను ఉంచి, దాని చుట్టూ వెలుగు గీతలు సాగదీస్తుంది. గుండ్రానికి సరిగ్గా అంచున ఏ రంగులు ఉంటే అవే గీతలుగా సాగుతాయన్నది గమనించాల్సిన విషయం. అంచున తెల్ల గోడ ఉంటే చుట్టూ తెల్లటి పొగే. అందుకని గుండ్రం మధ్యలో దీపం, అంచున రంగురంగుల ఏటికొప్పాక లక్క బొమ్మలు ఉండేలా అమర్చండి. లక్క నునుపు మీద మెరిసే చుక్కలు కూడా గీతలైపోయి, దీపం సొరంగం చివర వెలుగులా నిలుస్తుంది.

స్క్వీజ్ మధ్యను లోపలికి నొక్కుతుంది, స్ట్రెచ్ బయటికి ఉబ్బిస్తుంది, ట్వర్ల్ సుడి తిప్పుతుంది. మొహాల మీద ఒక్కసారి నవ్వుకుంటే చాలు. ఈ మూడింటికీ తిన్నని గీతలు కావాలి, అప్పుడే వంపు తెలుస్తుంది. కిటికీ ఊచలు, గచ్చు పలకలు, నవారు మంచం, గళ్ళ లుంగీ. నవారు మంచం మీద ట్వర్ల్ పెట్టి వేలుతో జరుపుతూ ఉంటే నీటి సుడి కదిలినట్టే ఉంటుంది. ఆ కదలిక కావాలనుకుంటే, మీ ఐప్యాడ్‌లో ఆ సదుపాయం ఉంటే స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకోండి.

ఫొటో బూత్ లేని ట్యాబ్ ఉంటే బాధపడనక్కర్లేదు. అద్దాల కొట్టులో జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పున మూడు అద్దపు పట్టీలు కోయించి, మెరిసే వైపులు లోపలికి వచ్చేలా త్రికోణపు గొట్టంగా టేపు చుట్టి కెమెరా కన్నుకు ఆనించండి. అంచులకు ముందే టేపు వేయండి, వేళ్ళు తెగుతాయి. లెక్కలు చేసిన కెలిడోస్కోప్ కన్నా ఇది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే దూరపు త్రికోణాలు కాస్త మసకబారి లోతు వస్తుంది. నీళ్ళ అద్దం కూడా మరవకండి. వాన వెలిశాక వీధిలో నిలిచిన నీటి పక్కన ట్యాబ్‌ను తలకిందులుగా పట్టుకుంటే కెమెరా కన్ను నేలకు వేలెడు ఎత్తున ఉంటుంది. చేతిలో పడేంత నీటిలో గుడి గోపురం మొత్తం దిగుతుంది. ట్యాబ్ తడవకుండా చూసుకోండి.

ఎక్స్-రే ఎఫెక్టును ఆఖరికి ఉంచడానికి కారణం ఉంది. పిల్లలు చెయ్యి పెట్టి ఎముకలు ఏవని అడుగుతారు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న కిరణాలు దీనిలో లేవు, భయమూ అక్కర్లేదు. ఇది వెలుగును చీకటిగా, చీకటిని వెలుగుగా తిరగేసి నీలిరంగు పూస్తుంది. రావి ఆకును కిటికీకి అడ్డంగా పట్టి చూస్తే బయటి ఎండ నల్లబడి, ఆకు వెన్నెల రంగులో వెలుగుతుంది. ఎండిపోయి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకైతే ఇంకా బాగుంటుంది.

వెలుగు చీకట్లను తిరగేస్తుందని తెలిశాక నాకు పాత ఫిల్ము నెగెటివ్‌లు గుర్తొచ్చాయి, వాటిలో వెలుగు చీకట్లు తారుమారుగా ఉంటాయి కదా. మా అన్నయ్య దగ్గర అగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేది. 120 రకం ఫిల్ము, రీలుకు 12 ఫొటోలు, ఒక్కొక్కటి అరచేతి మధ్యలో ఇమిడేంత చదరం. ఆ ఫొటోల ప్రింట్లన్నీ 1996 నవంబరు తుపానులో మా పాత ఇంట్లో నీరు కారి ముద్దయిపోయాయి. నెగెటివ్‌లు బిస్కెట్ల డబ్బాలో ఉండటంతో బతికాయి. డబ్బా ఉందని తెలుసు, కానీ ఇన్నేళ్ళలో ఎవరమూ తెరవలేదు.

పద్ధతి చెబుతాను, మీ ఇంట్లో కూడా ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది. ఒక సెల్‌ఫోనులో తెల్లటి ఖాళీ పేజీ తెరిచి వెలుగు పూర్తిగా పెంచండి. దాని మీద రెండు వేళ్ళ ఎత్తున నాలుగు పక్కలా అగ్గిపెట్టెలు పెట్టి, వాటి మీద ఒక గాజు పలక, గాజు మీద ట్రేసింగ్ పేపరు. నెగెటివ్‌ను నేరుగా ఫోను మీద పెడితే ఫోను తెరలోని సన్నటి గళ్ళు ఫొటోలో పడతాయి, అందుకే ఈ ఎత్తు. నెగెటివ్‌ను అంచులు పట్టుకుని ట్రేసింగ్ పేపరు మీద పరచండి. వేలిముద్ర పడితే పోదు. తడి గుడ్డతో తుడవవద్దు, దుమ్ముంటే మెత్తటి కుంచెతో ఊడ్చండి. చుట్టుకుపోతే రెండు స్కేళ్ళు అంచుల మీద బరువుగా పెట్టండి. గదిలో లైటు, ఫ్యాను ఆపండి. ఇందాకటి పుస్తకాల వంతెన మీద ట్యాబ్ పెట్టి ఎక్స్-రే తాకండి. అక్షరాలు తిరగబడి కనిపిస్తే నెగెటివ్‌ను బోర్లించండి. రంగు ఫిల్ముకు నారింజ పొర ఉంటుంది కాబట్టి దాని అసలు రంగులు ఈ దారిలో రావు. నలుపు తెలుపు ఫిల్ముకే ఇది సరైనది. ఇతర ట్యాబ్‌లలో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలో రంగులను తిరగేసే సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేసి కెమెరా తెరిస్తే కనీసం కళ్ళారా చూడవచ్చు.

నా ఐప్యాడ్‌లో ఫొటో బూత్ తీసే ఫొటో, కెమెరా తీసేంత పెద్దది కాదు. ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి, ఏ నెగెటివ్‌ను స్టూడియోలో స్కాన్ చేయించాలో ఎంచుకోవడానికి అది చాలు. డబ్బాలో ఉన్న 40కి పైగా నెగెటివ్‌లలో తొమ్మిదింటిని అలా ఎంచుకున్నాం.

ఏడోది తెర మీదికి రాగానే మా మనవరాలు "తాతయ్యా, ఎవరీ అమ్మాయి?" అంది. మా అమ్మ. 1981 సంక్రాంతి. వాకిట్లో వంగి ముగ్గు వేస్తూ తల ఎత్తి చూస్తోంది. అన్నయ్య మెట్టెక్కి పైనుంచి తీసినట్టున్నాడు, ముగ్గు దాదాపు మొత్తం పడింది. ఆమె మొహాన్ని అలా చూసి చాలా ఏళ్ళయింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. మనవరాలు మాత్రం వేలు తెరకు తగలకుండా పైపైన జరుపుతూ మధ్య వరుస చుక్కలు లెక్కపెట్టసాగింది. 15 వచ్చాయి. ఒక మూల అమ్మ చీర కుచ్చెళ్ళు అడ్డమొచ్చి ముగ్గు కనపడలేదు. ఆరు మూలల్లో ఐదు తెలిస్తే ఆరోది అదే కదా అని ఆ పిల్లే అంది. మర్నాడు ఉదయం ఆరింటికి అరుగు ముందు కళ్ళాపి చల్లి, ఐప్యాడ్‌ను మెట్టు మీద నిలబెట్టుకుని, 169 చుక్కలూ పెట్టింది.